బాబు తల కోలగా పెరుగుతోంది, ఆపరేషన్ తప్పదా?

ప్రశ్న: మాది గుంటూరు. మా వారు మిర్చి యార్డులో గుమస్తా. నాకు తొలి కాన్పు, నెలలు నిండాకే బాబు పుట్టాడు. ఇప్పుడు నాలుగో నెల నిండబోతోంది. పుట్టినప్పటి నుంచే తల ముందుకీ వెనక్కీ కోలగా, రెండు పక్కలా నొక్కినట్టు ఉంది. నడినెత్తి మీద చెయ్యి పెడితే గట్టిగా గట్టులా తగులుతుంది. బాబు నవ్వుతాడు, పాలు బాగా తాగుతాడు, మెడ నిలుపుతున్నాడు. మా వీధిలోని పిల్లల డాక్టరు గారు టేపుతో కొలిచి, 42 సెంటీమీటర్లు ఉంది, మామూలే, ఏడాదికల్లా సర్దుకుంటుందన్నారు. విజయవాడలో చూపిస్తే ఎక్స్‌రే తీయించి, పుర్రె అతుకు మూసుకుపోయింది, ఆపరేషన్ చేయాలన్నారు. నీళ్ళు పోసేటప్పుడు తల గట్టిగా ఒత్తనివ్వలేదని, కడుపుతో ఉండగా గ్రహణం రోజు బయటికి వచ్చానని మా అత్తగారు నన్నే అంటున్నారు. ఆపరేషన్ లేకుండా తగ్గదా? మెదడుకు ప్రమాదమా? ఖర్చు మేం తట్టుకోగలమా? రెండో బిడ్డకూ ఇలాగే వస్తుందా? కోటప్పకొండలో పుట్టువెంట్రుకలు తీయిస్తామని మొక్కుకున్నాం, అది ఆపరేషన్‌కు ముందే చేయించాలా? టెన్షన్‌తో రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు.
(ఒక తల్లి, గుంటూరు)

సమాధానం:

అమ్మా, మీరు ప్రశ్నగా అడగకపోయినా ఉత్తరమంతా కనిపిస్తున్న బాధ ఒకటుంది. ముందు దాని గురించి చెబుతాను. ఇది మీ వల్ల జరగలేదు. తల ఒత్తకపోవడం వల్ల రాలేదు, గ్రహణం వల్ల రాలేదు, మీరు ఏదో తినడం వల్లో మానేయడం వల్లో రాలేదు. మీరు రాసిన లాంటి తల ఉన్న పిల్లల్లో ఆ అతుకు మూసుకోవడం చాలావరకు కడుపులో ఉండగానే మొదలవుతుంది. పుట్టినప్పటి నుంచే తల అలా ఉందని మీరే రాశారు కదా. అలాంటప్పుడు ఆ తర్వాత పెట్టిన నూనెకీ పోసిన నీళ్ళకీ దీనితో సంబంధం ఎక్కడిది?

మీ అత్తగారు అబద్ధం చెబుతున్నారని నేననను. ఆవిడ చూసింది వేరు. మామూలు కాన్పులో బిడ్డ తల సన్నటి దారిలోంచి వస్తుంది కాబట్టి కాస్త సాగి ఉంటుంది. రోజుల్లోనో, ఒకటి రెండు వారాల్లోనో దానంతట అదే గుండ్రబడుతుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే నీళ్ళు పోసే ఆవిడ వచ్చి నూనె పెట్టి ఒత్తుతుంది, తల చక్కబడుతుంది, ఆ మంచిపేరు ఆవిడ చేతికి వస్తుంది. తరతరాలుగా పెద్దవాళ్ళు చూసింది ఇదే. కానీ మీ బాబుది ఎముకలు కలిసిపోయిన తల అయితే, ఎంత అనుభవం ఉన్న చెయ్యి ఒత్తినా ఆ అతుకు విడదు. నూనె పెట్టండి, స్నానం పోయండి, అది బిడ్డకు హాయి. ఒత్తడం మాత్రం ఈ రోజుతో ఆపించండి. తల గుండ్రబడాలని ఆవాల దిండు పెడుతుంటే అదీ తీసేయండి. ఏడాది లోపు బిడ్డకు ఏ దిండూ క్షేమం కాదు, ముఖం దానిలో కూరుకుపోతే ఊపిరి ఆడదు. వీలైతే ఈ పేరా వరకైనా మీ వారి చేత అత్తగారికి చదివి వినిపించండి.

ఇక అసలు సంగతి. పుట్టిన బిడ్డ పుర్రె ఒకే ఎముక కాదు, కొన్ని పలకలు. వాటి మధ్య మెత్తటి అతుకులుంటాయి, డాక్టర్లు సూచర్లంటారు. అతుకులు కలిసే చోట, ముందు భాగంలో మెత్తగా కొట్టుకునేదే మాడు. పుట్టినప్పుడు దాదాపు 34, 35 సెంటీమీటర్లుండే తల ఏడాది నిండేసరికి 46 దగ్గరకు వస్తుంది. మెదడు మొదటి ఏడాదిలోనే సుమారు రెట్టింపవుతుంది. ఆ పెరుగుదలకు చోటిచ్చేవి ఈ అతుకులే. నుదుటి మధ్య అతుకు ఒక్కటే 3 నుంచి 9 నెలల్లో సహజంగా మూసుకుంటుంది. మిగతా పెద్ద అతుకులు ఇరవై ఏళ్ళు దాటాక గానీ పూర్తిగా కలవవు. వాటిలో ఏదైనా ముందే కలిసిపోతే దాన్ని క్రేనియోసినోస్టోసిస్ అంటారు. సుమారు 2,000 నుంచి 2,500 కాన్పులకు ఒకరికి వస్తుంది. పేరు కొత్తగా ఉన్నా పిల్లల న్యూరోసర్జన్లకు ఇది బాగా తెలిసిన జబ్బు.

ఒక అతుకు మూసుకున్నంత మాత్రాన మెదడు పెరగడం ఆగదు. పందిరి కర్రల మధ్య ఇరుక్కున్న సొరకాయ ఖాళీ ఉన్న వైపే ఊరినట్టు, తల కూడా తెరిచి ఉన్న అతుకుల వైపు పెరుగుతుంది. జర్మన్ డాక్టరు రుడాల్ఫ్ విర్చో 1851లోనే ఈ సూత్రం చెప్పాడు. నడినెత్తి మీద ముందు నుంచి వెనక్కి వెళ్ళే సాజిటల్ అతుకు మూసుకుంటే తల పక్కలకు పెరగలేదు. అందుకే పొడుగ్గా, సన్నగా, నుదురు ముందుకీ, వెనక భాగం వెనక్కీ పొడుచుకొచ్చినట్టు తయారవుతుంది. మూసుకుపోయే అతుకుల కేసుల్లో దాదాపు సగం ఇదే. ఆడపిల్లల కంటే మగపిల్లల్లో మూడు నాలుగు రెట్లు ఎక్కువ. మీ బాబు తల గురించి మీరు రాసిన ప్రతి మాటా, కోల ఆకారం, నొక్కినట్టున్న పక్కలు, నెత్తి మీద గట్టు, అన్నీ దీనికే సరిపోతున్నాయి. ఉత్తరం చూసి జబ్బు నిర్ధారించకూడదు, ఆ పని చెయ్యి పెట్టి చూసినవాళ్ళదే. అయినా నా అనుమానం గట్టిదే కాబట్టి దాచకుండా చెబుతున్నాను.

మరి ఇద్దరు డాక్టర్లు రెండు రకాలుగా ఎందుకు చెప్పారు? ఇక్కడే చాలామంది పిల్లలకు విలువైన నెలలు పోతాయి కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. తల చుట్టుకొలత మామూలుగా ఉంటే తల బాగున్నట్టే అనుకోవడం పిల్లల ఓపీలో అలవాటు. నాలుగు నెలల మగబిడ్డకు 42 సెంటీమీటర్లు నిజంగా మామూలు కొలతే. కానీ సాజిటల్ అతుకు మూసుకున్న పిల్లల్లో చుట్టుకొలత తగ్గదు. తల పొడుగు పెరుగుతుంది కాబట్టి మామూలుగానో, ఒక్కోసారి కాస్త ఎక్కువగానో ఉంటుంది. టేపు చుట్టుకొలత చెబుతుంది తప్ప ఆకారం చెప్పదు. ఆకారం తెలియాలంటే తల వెడల్పును పొడవుతో భాగించి వందతో గుణించాలి. మామూలు పిల్లల్లో అది 75కీ 85కీ మధ్య ఉంటుంది. ఈ అతుకు మూసుకున్న పిల్లల్లో 70కి అటూ ఇటూ దిగుతుంది. రెండు వైపులా పట్టి కొలిచే కాలిపర్ ఉంటే నిమిషంలో తేలిపోయే విషయం. మాడు ఇంకా మెత్తగానే ఉంది కదా, ఏం కాలేదు అనడమూ ఇలాంటిదే. మాడు తెరిచి ఉండగానే దాని వెనక అతుకు పూర్తిగా కలిసిపోయి ఉండొచ్చు.

ఇలా చెప్పానని మీ వీధి డాక్టరు గారి మీద కోపం పెంచుకోకండి. ఆయన దగ్గరికి తల ఆకారం బాగాలేదని వచ్చే పిల్లల్లో ఎక్కువమందికి నిజంగానే ఏమీ ఉండదు. ఎప్పుడూ ఒకే వైపు పడుకోబెట్టడం వల్ల తల వెనక ఒక పక్క సొట్టపడి ఉంటుంది. అలాంటి తలను పై నుంచి చూస్తే సొట్ట ఉన్న వైపు చెవి కాస్త ముందుకు జరిగి ఉంటుంది, నెత్తి మీద గట్టు తగలదు. మెలకువగా ఉన్నప్పుడు బోర్లా పడుకోబెట్టడం, పడుకునే వైపు మార్చడం, మెడ ఒక పక్కకే పట్టేస్తుంటే ఫిజియోథెరపీ, వీటితో అది సర్దుకుంటుంది. కొందరు పిల్లలకు నుదుటి మధ్య నిలువుగా చిన్న గట్టు తగులుతుంది. నుదురు మామూలు ఆకారంలో ఉంటే అది సహజంగా మూసుకున్న అతుకే, భయం లేదు. నుదురు పడవ ముక్కులా మూడు కోణాలుగా మారి, కళ్ళు దగ్గరగా వచ్చినట్టుంటే మాత్రం చూపించాలి. ఒక కంటిగుంత పైకి లాగినట్టుండి, నుదురు ఒక పక్కే చదునుగా ఉంటే అది నుదుటి వెనక ఒక పక్క అతుకు మూసుకోవడం కావచ్చు. నెలలు నిండకుండా పుట్టి ఐసీయూలో వారాలు గడిపిన పిల్లల తలా కోలగానే ఉంటుంది, కానీ వాళ్ళకు అతుకులు తెరిచే ఉంటాయి. మీ బాబు నెలలు నిండి పుట్టాడు, గట్టు తగులుతోంది. సర్దుకుంటుందన్న మాట అతనికి వర్తించదు.

ఒక్క ఎక్స్‌రేతోనే ఖాయం చేసుకోవద్దు. పసిపిల్లల అతుకులు ఎక్స్‌రేలో సరిగ్గా కనిపించకపోవచ్చు, మూసుకోనిది మూసుకున్నట్టూ కనిపించొచ్చు. అలవాటున్న న్యూరోసర్జన్ చూపుతో, చేతితోనే చాలావరకు చెప్పేస్తారు. ఈ వయసులో అతుకు మీద అల్ట్రాసౌండ్ తీసినా తెలుస్తుంది, దానిలో రేడియేషన్ లేదు. త్రీడీ సీటీ స్కాన్‌లో పుర్రె మొత్తం బొమ్మ గీసినట్టు కనిపిస్తుంది, ఆపరేషన్ ప్లాన్‌కు అది పనికొస్తుంది. కానీ అది ఒక్కసారే, పిల్లలకు తగ్గించిన డోసుతో, ఆపరేషన్ చేసే సర్జన్ అడిగినప్పుడు తీయించండి. ముందుగా ఒక ల్యాబ్‌లో తీయించి, ఆసుపత్రి మారగానే మళ్ళీ ఇంకొకటి తీయించడం పసి మెదడుకు అనవసరమైన రేడియేషన్. తీయించాక సీడీ మీ దగ్గరే ఉంచుకోండి. కాగితం రిపోర్టు సరిపోదు.

మెదడుకు ప్రమాదమా అన్నారు. ఒక్క అతుకే మూసుకున్న పిల్లల్లో ఎక్కువమంది తెలివితేటలు మామూలుగానే ఉంటాయి. మీ బాబు నవ్వడం, మెడ నిలపడం మంచి గుర్తులు. అయితే వీళ్ళలో కొందరికి, సుమారు పదిమందిలో ఒకరికి, తల లోపలి ఒత్తిడి పెరగొచ్చు. అది నెమ్మదిగా పెరిగితే పసివాడు నోరు విప్పి చెప్పలేడు. కంటి వెనక నరం మీద ఆ ఒత్తిడి ఏళ్ళ తరబడి ఉంటే చూపు దెబ్బతింటుంది. రెండు మూడు అతుకులు కలిసిపోయిన పిల్లల్లో ఈ ప్రమాదం చాలా ఎక్కువ. కొందరికి పెద్దయ్యాక మాటల్లో, చదువులో చిన్న ఇబ్బందులు రావచ్చు కాబట్టి, ఆపరేషన్ జరిగినా జరగకపోయినా బడి వయసు దాకా ఎదుగుదల చూపిస్తూ ఉండాలి. ఆపరేషన్ ఆకారం కోసమా, మెదడు కోసమా అని సర్జన్‌ను సూటిగా అడగండి. నిజాయితీగా చెప్పేవారు రెండూ అంటారు. బడిలో ‘కొబ్బరికాయ’ అని పిలిపించుకునే పిల్లాడి బాధ చిన్నదని నేననుకోను.

కంటి డాక్టరు చేత కంటిపాపను పెద్దది చేసే చుక్కలు వేయించి, కంటి వెనక నరం చూపించండి. విజయవాడ తాడిగడపలోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలోనైనా, గుంటూరులో పసిపిల్లల కళ్ళు చూసే మరే డాక్టరు దగ్గరైనా చేయించుకోవచ్చు. అది మామూలుగా ఉందని వస్తే మంచిదే, కానీ పసిపిల్లల్లో ఆ ఒక్క పరీక్షతో పూర్తి భరోసా రాదు. ఇది కాకుండా, బిడ్డ పదే పదే వాంతులు చేసుకుంటున్నా, మత్తుగా పడి ఉంటున్నా, ఏడవనప్పుడు కూడా మాడు ఉబ్బి బిగుసుకుపోయినా, కనుగుడ్లు కిందికి దిగిపోయినట్టున్నా, ఫిట్స్ వచ్చినా, అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

ఆపరేషన్ లేకుండా తగ్గదా? కలిసిపోయిన అతుకును మందులు విడదీయలేవు. ఆపరేషన్ లేకుండా ఒట్టి హెల్మెట్ పెట్టినా విడదు. ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నాను, ఎందుకంటే హెల్మెట్ పెడితే చాలు, కోత అక్కర్లేదని ఎవరైనా అంటే మీకు ఆశ కలుగుతుంది. ఆ హెల్మెట్ పడుకోవడం వల్ల సొట్టపడిన తలలకు. ఆకారం చాలా స్వల్పంగా తేడా ఉన్న కొందరు పిల్లలను ఆపరేషన్ లేకుండా గమనిస్తూ ఉండే మాటా ఉంది. అది కూడా సర్జన్ కొలిచి, చూసి తీసుకునే నిర్ణయం.

అన్నిటికంటే ముఖ్యంగా మీకు చెప్పాల్సింది ఇది. మీ బాబుకు నాలుగు నెలలే. ఈ వయసు వల్ల మీకొక అవకాశం ఉంది, రెండు నెలలు పోతే అది ఉండకపోవచ్చు. మూడు నాలుగు నెలల వయసులో ఎముక పల్చగా ఉంటుంది, మెదడు వేగంగా పెరుగుతూ ఉంటుంది. అప్పుడు ఎండోస్కోపీ పద్ధతి పనిచేస్తుంది. నెత్తి మీద ముందొకటి, వెనకొకటి రెండు చిన్న కోతలు పెట్టి, లోపలికి చిన్న కెమెరా పంపి, మూసుకున్న అతుకు దగ్గర ఎముకను పట్టీలా తీసేస్తారు. ఆ తర్వాత తల వెడల్పయ్యే పని పెరిగే మెదడే చేసుకుంటుంది. సుమారు గంట ఆపరేషన్, రక్తం తక్కువ పోతుంది, ఒకటి రెండు రాత్రులు ఆసుపత్రిలో ఉంటారు. ఆ తర్వాత నెలల తరబడి, సాధారణంగా ఏడాది వయసు వచ్చేవరకు, రోజుకు 23 గంటలు హెల్మెట్ ఉండాలి. తల పెరిగేకొద్దీ దాన్ని సరిచేయాలి, రెండు మూడుసార్లు మార్చాలి. ఆరు నెలలు దాటితే ఈ పద్ధతి అంత బాగా పనిచేయదు.

రెండో పద్ధతి తెరిచి చేసే ఆపరేషన్. సాధారణంగా 6 నుంచి 12 నెలల మధ్య చేస్తారు. ఒక చెవి పై నుంచి ఇంకో చెవి పైకి, జుట్టు పెరిగాక పాపిడిలా తెలియకుండా వంకరటింకరగా కోత పెట్టి, ఎముక పలకలు తీసి, ఆకారం దిద్ది, కరిగిపోయే ప్లేట్లతోనో దారాలతోనో బిగిస్తారు. కొన్ని గంటలు పడుతుంది. హెల్మెట్ సాధారణంగా అవసరముండదు, ఆకారం టేబుల్ మీదే చాలావరకు వచ్చేస్తుంది. ఎముకల మధ్య మిగిలే ఖాళీలు ఈ వయసులో వాటంతట అవే ఎముకతో నిండుతాయి. రెండేళ్ళు దాటాక అంత బాగా నిండవు, ఆలస్యం చేయకూడదనడానికి ఇదీ ఒక కారణం. కొన్ని చోట్ల తీసిన ఖాళీలో స్ప్రింగులు పెట్టి, కొన్ని నెలల తర్వాత చిన్న ఆపరేషన్‌తో వాటిని తీసేస్తారు.

ఏది మంచిదని నన్నడిగితే, రెండూ బాగా చేసే సర్జన్ దొరికి, వారాల్లోనే తేదీ ఇస్తే, ఈ వయసు బిడ్డకు చిన్న కోతనే ఎంచుకోమంటాను. కానీ హెల్మెట్ సంగతి ఇంట్లో కూర్చుని నిజాయితీగా మాట్లాడుకోండి. గుంటూరు ఎండలు మీకు చెప్పక్కర్లేదు. రోహిణి కార్తెలో 23 గంటలు హెల్మెట్ ఉంచాలంటే చెమట, పొక్కులు, బిడ్డ చిరాకు అన్నీ భరించాలి. తీసిన ఆ గంటలో తల కడిగి, బాగా ఆరనిచ్చి మళ్ళీ పెట్టాలి. పాపం ఏడుస్తున్నాడని ఇంట్లో ఎవరో ఒకరు తీసేస్తూ ఉంటే ఆపరేషన్ ఫలితం సగమే దక్కుతుంది. హెల్మెట్ ఎక్కడ చేయిస్తారు, సరిచేయించడానికి ఎన్నిసార్లు ఏ ఊరు వెళ్ళాలి, ఇవి తెలుసుకోకుండా ఒప్పుకోవద్దు. అది మీకు కుదరదనుకుంటే తెరిచి చేసే ఆపరేషన్ తక్కువదేమీ కాదు, దానికి కావలసిన వ్యవధి మీకుంది. ఏ దారి ఎంచుకున్నా మీ ఇష్టమే కావాలి, సంకోచంతో వారాలు గడిచిపోయి రెండో దారే మిగలడం మాత్రం వద్దు. వచ్చే రెండు వారాల్లో సర్జన్‌ను కలవండి. ఇది ఎమర్జెన్సీ కాదు, ఈ రాత్రికి రాత్రే పరిగెత్తాల్సిన పనీ లేదు.

ప్రమాదాల గురించి కూడా తెలుసుకునే వెళ్ళండి. ఆరున్నర కిలోల బిడ్డ ఒంట్లో ఉండే రక్తమంతా కలిపి సుమారు అర లీటరు. పెద్దవాళ్ళకు లెక్కలోకి రాని రక్తం పోయినా పసివాడికి అది ఎక్కువే. అందుకే తెరిచి చేసే ఆపరేషన్‌లో రక్తం ఎక్కించడం మామూలు విషయం, దానికి భయపడకండి. రక్తస్రావం తగ్గించడానికి ట్రనెక్సామిక్ యాసిడ్ ఇంజెక్షన్ ఇస్తారు. ఇన్ఫెక్షన్, మెదడు మీది పొరకు చిన్న చిరుగు, కొన్నేళ్ళ తర్వాత మళ్ళీ ఆపరేషన్ అవసరపడటం, ఇవి కొద్దిమందికి జరగొచ్చు. అనుభవమున్న చోట ప్రాణాపాయం చాలా అరుదు. ఆ అనుభవం ఉందో లేదో అడిగే హక్కు మీకుంది. ఏడాదికి ఇలాంటివి ఎన్ని చేస్తారు, మత్తు ఇచ్చేది పసిపిల్లలకు అలవాటున్న డాక్టరేనా, పిల్లల ఐసీయూ ఉందా, బ్లడ్ బ్యాంక్ అదే ఆవరణలో ఉందా, ముందూ తర్వాతా తీసిన ఫొటోలు చూపిస్తారా. ఈ ప్రశ్నలు అడిగితే మంచి సర్జన్ విసుక్కోరు. విసుక్కుంటే ఇంకొకరిని చూడండి.

తెరిచి చేసిన ఆపరేషన్ తర్వాత రెండో రోజో మూడో రోజో బిడ్డ ముఖం వాచి, కళ్ళు పూర్తిగా మూసుకుపోవచ్చు. ఎవరూ ముందు చెప్పకపోతే తల్లి గుండె ఆగినంత పనవుతుంది. అది కోత వాపే, కొద్ది రోజుల్లో తగ్గి కళ్ళు తెరుస్తాడు. ఆ రోజుల్లో బాబుకు మీరు కనబడరు కాబట్టి పక్కనే ఉండి మాట్లాడుతూ ఉండండి, ఎత్తుకుని పాలివ్వండి, తల ఎక్కడ పట్టుకోవాలో నర్సు చూపిస్తుంది. సాధారణంగా మొదటి రాత్రి ఐసీయూలో ఉంచి, నాలుగైదు రోజుల్లో ఇంటికి పంపుతారు. జ్వరం, కోత దగ్గర చీము, నీళ్ళలాంటి ద్రవం కారడం, ఆగని వాంతులు ఉంటే వెంటనే ఫోన్ చేయాలి.

ఎక్కడికి వెళ్ళాలి? మీకు దగ్గర్లో గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రి (జీజీహెచ్) న్యూరోసర్జరీ ఓపీ, మంగళగిరి ఎయిమ్స్ ఉన్నాయి. ముందు అక్కడ చూపించి, ఈ ఆపరేషన్ తామే చేస్తారా, పెద్ద సెంటర్‌కు పంపుతారా అడగండి. హైదరాబాద్ నిమ్స్, వెల్లూరు సీఎంసీ లాంటి చోట్లకు పంపినా నిరుత్సాహపడకండి. వెల్లూరుకు కాట్పాడి స్టేషన్‌లో దిగాలి, విజయవాడ నుంచి రైళ్ళు బాగానే ఉన్నాయి. ప్రైవేటులో ఖర్చు ఆసుపత్రిని బట్టి చాలా మారుతుంది కాబట్టి నేనొక అంకె చెప్పి మిమ్మల్ని తప్పుదారి పట్టించను. మత్తు, ఐసీయూ, రక్తం, హెల్మెట్ అన్నీ కలిపిన ఎస్టిమేట్ కాగితం మీద రాయించుకోండి. మీకు బియ్యం కార్డు ఉంటే, మనమందరం ఇప్పటికీ ఆరోగ్యశ్రీ అని పిలిచే డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కౌంటర్ ఆసుపత్రిలోనే ఉంటుంది. డాక్టరు రాసిన జబ్బు పేరు చూపించి, పథకం జాబితాలో ఏ పేరుతో వర్తిస్తుందో అక్కడే తేల్చుకోండి. దానిలో కుదరకపోతే సీఎం సహాయ నిధి నుంచి ఆపరేషన్‌కు ముందే ఎల్‌ఓసీ, అంటే ఖర్చుకు హామీ ఇస్తూ ఆసుపత్రికి రాసే పత్రం, ఇప్పించమని మీ ఎమ్మెల్యే ఆఫీసులో ఎస్టిమేట్‌తో దరఖాస్తు పెట్టొచ్చు. పుట్టుకతో వచ్చే లోపాలున్న పిల్లలను గుర్తించి పై ఆసుపత్రికి పంపడానికి 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమ్ నడుస్తోంది. మీ ఏఎన్ఎంకి చెబితే ఆ దారిలో కూడా కాగితాలు కదులుతాయి. అప్పు చేసే ముందు ఈ మూడూ చూడండి.

రెండో బిడ్డ గురించి. సాజిటల్ అతుకు ఒక్కటే మూసుకుని, ఇంకే తేడా లేని బిడ్డ అయితే తర్వాతి బిడ్డకు వచ్చే అవకాశం చాలా తక్కువ. బాబు చేతివేళ్ళు, కాలివేళ్ళు అతుక్కుని ఉండటం, కళ్ళు బయటికి పొడుచుకు రావడం, ముఖం మధ్య భాగం లోపలికి ఉండటం లాంటివి ఉంటే క్రూజోన్, అపెర్ట్ లాంటి జన్యు జబ్బులని అనుమానించి జన్యు పరీక్ష చేయిస్తారు. వాటిలో తల్లికో తండ్రికో ఆ జబ్బు ఉంటే ప్రతి కాన్పులోనూ సగానికి సగం అవకాశం ఉంటుంది. మీరు అలాంటివేమీ రాయలేదు. సర్జన్ ఒకసారి చూసి లేవని చెబితే ఆ దిగులు వదిలేయండి.

సర్జన్‌ను కలిసే లోపు ఒక పని చేయండి. బాబు తల తడిపి జుట్టు అణిచి, వెలుతురులో పై నుంచి, ముందు నుంచి, రెండు పక్కల నుంచి ఫొటోలు తీసి తేదీతో ఉంచుకోండి. పుట్టినప్పుడు తీసిన ఫొటోలు, టీకాల కార్డు, రాసి ఉంటే ఇంతకుముందు తల కొలతలు, ఆ ఎక్స్‌రే ఫిల్ము వెంట తీసుకెళ్ళండి. టీకాలు ఆపకండి, ఆపరేషన్ తేదీకి దగ్గర్లో టీకా పడేలా ఉంటే మాత్రం సర్జన్‌కు చెప్పండి. రక్తం తక్కువుంటే ముందుగానే ఐరన్ చుక్కలు ఇస్తారు. జలుబు, దగ్గు, జ్వరం ఉంటే దాచకండి, మత్తు ఇవ్వడానికి ప్రమాదం, తేదీ వారం రెండు వారాలు జరిగినా నష్టం లేదు. ఆపరేషన్ రోజు తల్లిపాలు సాధారణంగా నాలుగు గంటల ముందు ఆపమంటారు. ఆకలికి ఏడుస్తున్నాడని మధ్యలో పట్టొద్దు.

చివరిగా మొక్కు సంగతి. ఆపరేషన్‌కు ముందు తొందరపడి గుండు చేయించకండి. కత్తి గాటు ఒక్కటి తగిలినా ఇన్ఫెక్షన్‌కు దారి, ఆ పుండు మానేదాకా ఆపరేషన్ వాయిదా వేయాల్సి రావచ్చు. చాలామంది సర్జన్లు ఇప్పుడు గుండు చేయరు, కోత పెట్టే చోట సన్నగా పట్టీలా తీస్తారు, అది కూడా ఆపరేషన్ థియేటర్‌లో మిషన్‌తో. మీకు మొక్కు ఉందని ముందే చెప్పి, ఆ వెంట్రుకలు ఒక కవర్లో పెట్టి ఇవ్వమని నర్సును అడగండి, ఇస్తారు. మిగతా జుట్టు కోత పూర్తిగా మానాక, సర్జన్ సరేనన్నాకే కొండ మీద తీయించండి. హెల్మెట్ పెట్టే పద్ధతి ఎంచుకుంటే మాత్రం కత్తి వల్ల తల చర్మం మీద పుండు పడకూడదు, అప్పుడు హెల్మెట్ కాలం ముగిశాక మూడో ఏట తీయించుకోండి.